ఇల్లే ఆసుపత్రి అయితే నర్సు ఎవరు?

2021 మే నెల. కరోనా రెండో విడత. నల్లగొండ జిల్లాలోని ఒక గిరిజన తండాలో కరోనా సోకిన ఒక విద్యార్థి ఇంటిముందు చెట్టు మీద మంచె కట్టుకుని 11 రోజులు గడిపాడు. ఇంట్లో అందరికీ కలిపి ఉన్నది ఒకటే గది. 'వేరే గదిలో ఉండండి' అన్న సలహా ఆ కుటుంబానికి ఏం పనికొస్తుంది?

అదే నెలలో తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే జరిగింది. ఆశాలు, ఏఎన్ఎంలు గడపగడపకూ తిరిగి లక్షణాలున్నవారికి మందుల కిట్లు ఇచ్చారు. రోగి ఇంట్లోనే ఉండాలి, ఆరోగ్య సిబ్బంది కనిపెట్టి చూడాలి అన్నారు. మరి గంజి కాచింది, పక్కబట్టలు ఉతికింది, రాత్రంతా ఊపిరి గమనిస్తూ కూర్చున్నది ఎవరు? తల్లి, భార్య, కోడలు. ఆ చాకిరీ ఏ రిజిస్టరుకూ ఎక్కలేదు.

క్షయ సంగతీ ఇంతే. కనీసం ఆరు నెలలు మందు వాడాలి. మన దేశంలో 1997 నుంచి విస్తరించిన డాట్స్ పద్ధతిలో మరొకరి ఎదుట మాత్ర మింగాలి. పాలమూరు వలస కూలీకి పని మానుకుని వెళ్లడం కష్టమే. తర్వాత వచ్చిన '99 డాట్స్' ఆ నడక తప్పించింది. మాత్రను నొక్కి తీస్తే దాని వెనుక ఉన్న నంబరు కనబడుతుంది. ఆ నంబరుకు ఉచితంగా ఫోన్ చేస్తే మందు వేసుకున్నట్టు లెక్క.

కాని ఫోన్ ఎవరి జేబులో ఉంది? భర్త ఫోన్ తీసుకుని పనికి పోతే, మందు వేసుకున్న స్త్రీ కూడా వేసుకోనట్టే నమోదవుతుంది. అత్తింట్లో జబ్బు దాచుకున్నామెకు ఆరా తీసే ఫోన్ వస్తే కాపురానికే ముప్పు. పైగా ఫోన్ చేస్తే మాత్ర బయటికి తీసినట్టు తెలుస్తుంది గాని, మింగినట్టు కాదు, కడుపునిండా తిన్నట్టు అసలే కాదు.

దూరం నుంచి చూసే పద్ధతి వద్దని మనం అనడం లేదు. అది మనిషికి బదులు కాకూడదు అంటున్నాం. ఏ పద్ధతి కావాలో రోగే ఎంచుకోవాలి. ఆమె అనుమతి లేకుండా జబ్బు సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పకూడదు. 2018లో 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుంచి 1,000 అయిన క్షయ రోగుల నెలసరి పోషణ సాయం ఆమె ఖాతాలోనే పడాలి. ఆశా పనికి పారితోషికం కాదు, జీతం ఇవ్వాలి.

నిఘా వేరు, సంరక్షణ వేరు. మనం అడిగేది రెండోది.