తన్ఖా, తనఖా

ఉర్దూలో తన్ఖా అంటే జీతం. అదే మాట తెలుగులోకొచ్చి తనఖా అయ్యేసరికి కుదువ పెట్టడం అయిపోయింది. స్కూలు ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు కావడం వల్ల నాకిది ఒకప్పుడు మంచి మజాక్‌లా ఉండేది. ఇప్పుడు సైన్స్ డిపార్ట్‌మెంట్లలో రీసెర్చ్ చేస్తున్న మన పిల్లల్ని చూస్తుంటే నవ్వు రావట్లేదు. తన్ఖా ఆగుతోంది, ఇంట్లో బంగారం తనఖాకు పోతోంది.

నాకు తెలిసిన ఒక బచ్చీ ఉంది. పేరొద్దు, యూనివర్సిటీ పేరూ వద్దు. కెమిస్ట్రీలో పిహెచ్‌డి, ఒక ప్రాజెక్టులో జెఆర్‌ఎఫ్. మొదటి ఏడాది బాగానే వచ్చింది. ఏప్రిల్ నుంచి బంద్. ఎందుకంటే రెండో విడత డబ్బు ఢిల్లీ నుంచి రాలేదు. ఎందుకు రాలేదంటే యూసీ పోలేదు. సార్ రాసి దస్తఖత్ పెట్టి పంపారు, అది ఫైనాన్స్ సెక్షన్‌లో కూర్చుంది. ఒక చిన్న బిల్లు కన్జ్యూమబుల్స్ కింద రావాలా, కంటింజెన్సీ కింద రావాలా అని తకరార్. ఏడు నెలలు. నెలకు 37,000 చొప్పున 2,59,000 రూపాయలు, ఇంటద్దె భత్యం కాకుండా. ఆ పిల్ల మాత్రం ఒక్కరోజు నాగా లేకుండా ల్యాబ్‌కు పోయింది. అమ్మీ గాజులు ఎక్కడికి పోయాయో నేను వేరే చెప్పక్కర్లేదు.

యూసీ అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్. ఇచ్చిన డబ్బు ఇచ్చిన పనికే వాడామని రాసిచ్చే కాగజ్. మార్చి 31తో లెక్క ముగించి పంపాలి. అది లేకపోతే తర్వాతి విడత కదలదు. ప్రాజెక్టు డబ్బు ఖానాలుగా వస్తుంది: మనుషుల జీతాలు వేరు, పరికరాలు వేరు, రసాయనాలు వేరు, ప్రయాణాలు వేరు. పరికరాల ఖానాలో లక్షలు మూలుగుతున్నా సార్ తన ఇష్టానికి జీతం ఖానాలోకి మార్చలేరు.

మరి ఈ హిసాబ్ కితాబ్ అంతా ఎవరు చూడాలి? కెమిస్ట్రీ చదివిన ప్రొఫెసరే. ప్రపోజల్ రాయడం, మూడేళ్ళ ఖర్చు ముందే ఊహించడం, కొటేషన్లు తెప్పించడం, బిల్లులు అతికించడం, అన్నీ ఆయనవే. ఆయన చేయలేని చోట స్కాలరే చేస్తుంది. పిహెచ్‌డి కోసం వచ్చిన అమ్మాయి ఫైలు పట్టుకుని మూడు అంతస్తులు తిరిగే చప్రాసీ అవుతుంది. ఇదేం ఇన్సాఫ్?

పైగా ఆ ఊహ కూడా నిలబడనివ్వరు. 2022 జులై దాకా ప్రభుత్వ రీసెర్చ్ సంస్థలు కొనే పరికరాల మీద జీఎస్టీ 5 శాతమే. ఆ రాయితీ తీసేశారు. చాలావాటి మీద 18 అయింది. 10 లక్షల యంత్రానికి 50,000 పన్ను అనుకుని బడ్జెట్ రాసిన మనిషికి 1,80,000 అయింది. మంజూరైన మొత్తం మాత్రం పెరగదు. ఆ 1,30,000 ఎవరి కడుపు కొట్టి తేవాలి? 2024 బడ్జెట్‌లో ల్యాబ్ రసాయనాల దిగుమతి సుంకాన్ని ఏకంగా 150 శాతం చేశారు, గోల జరిగాక మళ్ళీ దించారు. 2025 జూన్‌లో కొనుగోలు నిబంధనలు కొంచెం సడలించారు, కమిటీ లేకుండా నేరుగా కొనే హద్దు లక్ష నుంచి రెండు లక్షలైంది. షుక్రియా. కానీ ఫైనాన్స్ సెక్షన్‌లో ఫైలు ఆగే జబ్బుకు ఇది దవా కాదు.

"సర్కారీ పైసా భాయ్, గట్టిగా అడగొద్దా?" అంటారు కొందరు. అడగాలి. అది అమానత్, పైసా పైసాకు జవాబు ఇవ్వాల్సిందే. దొంగ బిల్లులు పెట్టేవాళ్ళు లేరని నేను అనను. కానీ హిసాబ్ గట్టిగా ఉండాలంటే హిసాబ్ తెలిసిన మనిషి ఉండాలి కదా! వసూలు, బాకీ, జమ, ఖర్చు, రసీదు, దరఖాస్తు, మంజూరు... తెలుగు దఫ్తర్లలోని ఈ మాటలన్నీ అరబీ ఫార్సీల నుంచి వచ్చినవే. ఆ కాలపు దర్బార్లకు కూడా మున్షీ లేకుండా పని జరగదని తెలుసు. మన యూనివర్సిటీలకే తెలియట్లేదు.

పైసలు లేవా? ఉన్నాయి. ప్రతి ప్రాజెక్టులో ఓవర్‌హెడ్ అని ఒక హిస్సా యూనివర్సిటీకి పోతుంది. ప్రాజెక్టు నడపడానికి సంస్థ చేసే సాయానికి ఇచ్చే డబ్బు అది. ఆ సాయం ఏదీ? ఒక డిపార్ట్‌మెంట్‌లో పది ప్రాజెక్టులుంటే ఆ హిస్సాలతో ఒక ఎం.కామ్ చదివిన మనిషిని పెట్టొచ్చు. మన మొహల్లాల్లో ట్యాలీ నేర్చుకుని దుకాణాల్లో పద్దులు రాసే పిల్లలెంతమంది లేరు!

ఇది మనకెందుకు అంటారా? మన పిల్లలకు మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఉండేది, నేరుగా స్కాలర్ పేరు మీద. కొత్తవాళ్ళకు ఇక లేదని 2022 డిసెంబరులో పార్లమెంటులోనే చెప్పేశారు. ఉన్నవాళ్ళకూ నెలల తరబడి ఆగడం పత్రికల్లో చదివాం. ఇక నెట్ జెఆర్‌ఎఫ్ అందని పిల్లకు మిగిలింది ఎక్కువగా సార్ ప్రాజెక్టే. అంటే ఆ పిల్ల రోటీ సార్ యూసీకి ముడిపడి ఉంది. 2023లో అనుసంధాన్ ఫౌండేషన్ చట్టం తెచ్చి ఐదేళ్ళలో 50,000 కోట్లన్నారు. అందులో పెద్ద హిస్సా ప్రైవేటు నుంచి రావాలట. వస్తే మంచిదే. వచ్చిన డబ్బు కూడా చివరికి ఆ ఫైనాన్స్ సెక్షన్ బల్ల మీదికే కదా చేరేది.

రిష్తా వస్తే నలుగురిని అడిగి గానీ ఒప్పుకోం. బేటీ ప్రాజెక్టులో చేరే ముందు కూడా అడగండి. మంజూరు ఎన్నేళ్ళకు, ఇంకెన్ని నెలలు మిగిలాయి? పోయినేడు యూసీ ఏ తేదీన వెళ్ళింది? విడత ఆలస్యమైతే యూనివర్సిటీ ముందుగా జీతమిచ్చి తర్వాత సర్దుకుంటుందా? సార్‌ను అదబ్‌తో అడిగితే తప్పేం లేదు, చాలామంది సార్లు తమ బాధ వినే మనిషి దొరికాడని సంతోషిస్తారు. ఓవర్‌హెడ్ ఎక్కడ ఖర్చవుతోందన్న సవాల్ మాత్రం సార్‌కు కాదు, రిజిస్ట్రార్‌కు వేయాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు.