రోగపీడిత బాలునియెడ గ్రామధర్మము

కడపను తిరుమల వేంకటేశ్వరుని తొలిగడప యందురు. మ్రొక్కు చెల్లించి కొండ దిగివచ్చిన గుండును జూచి, వీరపునాయునిపల్లె మొదలు ప్రొద్దుటూరు వఱకు ఏ వీధిలోనను నవ్వువాడు లేడు. ప్రసాదమునకై చేయి చాచువారే కలరు. ఆసుపత్రినుండి తిరిగివచ్చిన పసివాని గుండును జూచినప్పుడో? బడిలో వెక్కిరింత పుట్టును. ప్రక్కన కూర్చుండు పిల్లవానిని వాని తల్లియే దూరముగా జరుగుమని బోధించును. గుండు ఒక్కటియే, మన చూపులు రెండు.

రక్తపు క్యాన్సరు అంటువ్యాధి కాదు. తాకినను, కలిసి భుజించినను సోకదు. జుట్టు రాలుట, మోము ఉబ్బుట ఔషధముల ఫలము. చికిత్స ముగిసిన పిదప జుట్టు మరల మొలచును. ఆ మందులచేతనే బాలుని రోగనిరోధకశక్తి సన్నగిల్లును గనుక మన పిల్లల జలుబు, తట్టు, ఆటలమ్మ వానికి ప్రాణాపాయము కలిగింపవచ్చును. మనము వానికి వెఱచుచున్నాము. నిజమునకు వెఱవవలసినవాడు వాడే!

ఈ వ్యాధికి మందు లేదని నిట్టూర్చు కాలము గతించినది. ఆ మార్గమును తెఱచినవారిలో 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున సిద్ధమైన అమినోప్టెరిన్ అను ఔషధమును బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు ఇట్టి పిల్లలకిచ్చి, వ్యాధి కొంతకాలము అణగుటను 1948లో లోకమునకు వెల్లడించెను. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. సంపన్నదేశములలో క్యాన్సరు సోకిన బాలురు నూటికి 80 మందికి పైగా స్వస్థులగుచుండగా, పలు పేదదేశములలో 30 మందియైనను కాకున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. చికిత్సను నడుమ మానుట ఇందుకొక కారణము. రక్తపు క్యాన్సరు చికిత్స రెండు మూడేండ్లు సాగవలయును. అంతకాలము ఆ పసిమనస్సు నిలువవలదా? తెలుగువాని మేధ అందించిన మందును తెలుగుబడిలోని వెక్కిరింత వమ్ము చేయుట మనకు తగునా?

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదయింటికి వైద్యవ్యయమున తోడుపడెను. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను బడిలో బాలుని మానసికముగా వేధించుటను నిషేధించినది. చట్టమే మా వృత్తి. అయినను చెప్పుచున్నాము: తోటిపిల్లల నాలుకను దిద్దగలిగినది న్యాయస్థానము కాదు, ఊరు.

2018లో హైదరాబాదు చెంతనున్న రాచకొండ పోలీసులు, రక్తపు క్యాన్సరుతో బాధపడు ఆఱేండ్ల బాలుని కోరిక మన్నించి, వానిని ఒక దినము కమీషనరు పీఠమున కూర్చుండబెట్టిరి. ప్రశంసనీయమే. కాని ఒక్కనాటి పట్టాభిషేకముకన్న ప్రతినాడు బల్లపై ఇంత ప్రక్కచోటు మిన్న.

బాలుడు బడికి రాకముందే ఉపాధ్యాయుడు తరగతికి సంగతి విప్పి చెప్పవలయును. జ్వరము, దగ్గు గల పిల్లలను తల్లులు ఇంట నుంచవలయును. యువకులు రక్తదానమునకు ముందుకు రావలయును. పఠనమందిరమున ఈ పత్రిక చదువు పెద్దలు నేటి సాయంకాలమే తమ యింటి పిల్లలను చేరదీసి ఒక్కమాట చెప్పుదురు గాక: "వాడు మనవాడు, వాని ప్రక్కన కూర్చుండుము."