వేల హత్యల నడుమ ఒక హత్య

అపరాధ పరిశోధక నవలకు ఆధారమైన నమ్మకం ఒకటున్నది. సమాజం సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది. ఎక్కడో ఒక హత్య జరిగి ఆ ప్రశాంతతను భంగపరుస్తుంది. పరిశోధకుడు వచ్చి, హంతకుణ్ణి పట్టి ఇచ్చి, చెదిరిన వ్యవస్థను తిరిగి నిలబెడతాడు. లండన్ నగరపు పొగమంచులో సంచరించిన షెర్లాక్ హోమ్స్ మొదలుకొని, కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ వరకు అందరూ ఈ నమ్మకం మీదనే నిలిచారు. ఒక్క ప్రాణం పోయినా దానికి జవాబు చెప్పవలసినవారు ఒకరుంటారన్నది ఆ కథలు పాఠకుడికిచ్చే అభయం.

మరి ఆ సమాజమే ఉన్మాదంలో పడి, వీధివీధినా శవాలు పడి ఉన్న రోజుల్లో ఒక గృహస్థు తన ఇంట్లో హత్యకు గురైతే? ఆ ఒక్క చావును గురించి విచారించే ఓపిక ఎవరికుంటుంది? విచారించినా దానికి అర్థమేమిటి? ఈ ప్రశ్నను ఎదుర్కొన్న రచయితలు అరుదు. వారిలో ఒకరు వంగ రచయిత శరదిందు బంద్యోపాధ్యాయ్. ఆ నవలిక పేరు ‘ఆదిమ రిపు’. వెలువడిన సంవత్సరం 1955.

శరదిందు 1899లో ఉత్తరాదిలోని జౌన్‌పూర్‌లో జన్మించారు. చదువు కోసం కలకత్తా వచ్చిన ఆయనకు నగరంలోని మెస్సుల జీవితం, సందుగొందులు బాగా పరిచితమయ్యాయి. 1932లో ఆయన వ్యోమకేశ్ బక్షి అనే పాత్రను సృష్టించారు. ధోవతి, చొక్కా ధరించిన మధ్యతరగతి వంగ యువకుడు వ్యోమకేశ్. ‘డిటెక్టివ్’ అనే మాట అతనికి గిట్టదు. తనను ‘సత్యాన్వేషి’ అని పిలిపించుకోవడమే అతనికి ఇష్టం. అతని మిత్రుడు అజిత్ రచయిత. చాలా కథలను చెప్పేది అతడే. శరదిందు 1938లో బొంబాయి వెళ్ళి చలనచిత్రాలకు కథలు సమకూర్చారు. ఆ కాలంలో వ్యోమకేశ్ కథలకు దీర్ఘ విరామం కలిగింది. 1950 తరువాత ఆయన మళ్ళీ వ్యోమకేశ్‌ను చేపట్టేనాటికి కథల్లోని కలకత్తా పాత కలకత్తా కాదు. ఆ మధ్యకాలంలో ఆ నగరం ఒక యుద్ధాన్ని, ఒక క్షామాన్ని, ఒక నరమేధాన్ని, ఒక విభజనను చూసింది.

ఆ నరమేధం 1946 ఆగస్టు 16న ఆరంభమైంది. ముస్లిం లీగు ఆ దినాన్ని ప్రత్యక్ష చర్యా దినంగా ప్రకటించింది. అప్పుడు వంగ రాష్ట్ర ప్రధాని హుసేన్ షహీద్ సుహ్రావర్దీ. గవర్నరు ఫ్రెడరిక్ బర్రోస్. మైదానంలో ఆక్టర్లోనీ స్తంభం వద్ద బహిరంగ సభ జరిగింది. అంతకుముందే మొదలైన ఘర్షణలు సాయంకాలానికి నగరమంతటా వ్యాపించాయి. నాలుగు రోజులపాటు సాగిన ఆ మారణకాండలో మరణించినవారు సుమారు 4,000 మంది అని సాధారణంగా చెప్పే లెక్క. నిలువనీడ కోల్పోయినవారు లక్షమంది. హిందువులూ ముస్లిములూ చంపారు, హిందువులూ ముస్లిములూ చనిపోయారు. ఎవరు ఎవరిని చంపారో విడివిడిగా విచారించి శిక్షించడం ఏ న్యాయస్థానానికీ సాధ్యపడలేదు.

పెద్ద మంట నాలుగు రోజులలో చల్లారింది గాని నిప్పు ఆరలేదు. ఆ తరువాత ఏడాదిపాటు నగరం నివురుగప్పి ఉన్నది. ఇవాళ ఈ పేటలో కత్తిపోట్లు, రేపు ఆ పేటలో బాంబు, ఎల్లుండి కర్ఫ్యూ. ‘ఆదిమ రిపు’ కథాకాలం సరిగ్గా ఇదే. శరదిందు ప్రతిభ మొదట ఇక్కడ కనిపిస్తుంది. ఆయన అల్లర్లను భీభత్స దృశ్యాలుగా వర్ణించరు. మనుషులు వాటికి ఎలా అలవాటు పడ్డారో చూపుతారు. పెద్ద చప్పుడు వినిపిస్తే ఒక క్షణం ఆగి, మళ్ళీ తమ పనిలో పడిపోయే జనం ఆ కథలో ఉన్నారు. భయం కంటె ఈ అలవాటే పాఠకుణ్ణి ఎక్కువ కలవరపెడుతుంది.

హతుడు అనాది హాల్దార్ అనే ధనికుడు. అతని సంపాదన యుద్ధకాలపు నల్లబజారు సంపాదన. ఈ చిన్న వివరం వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. 1943 నాటి వంగ క్షామంలో సుమారు 30 లక్షల మంది ఆకలికీ, రోగాలకూ బలి అయ్యారని అంచనా. అదే సమయంలో బియ్యం దాచినవారు, సైన్యానికి సరుకులు అందించినవారు, దొంగలెక్కలు రాసినవారు రాత్రికి రాత్రి లక్షాధికారులయ్యారు. పన్నుకు చిక్కని ఆ నోట్ల కట్టలు బ్యాంకులకు ఎక్కలేక ఇళ్ళలోని బీరువాలలో దాగి ఉండేవి. అటువంటి సొమ్ము ఉన్న ఇంట్లో ఆశ్రితులు, బంధువులు, వారసత్వం కోసం కాచుకున్నవారు ఒకరినొకరు అనుమానించుకుంటూ కాపురముంటారు. ఒకనాటి రాత్రి అతడు తుపాకి గుండుకు బలి అవుతాడు.

ఆ రాత్రి కాళీపూజ. నగరమంతటా బాణసంచా పేలుతున్నది. ఆ చప్పుళ్ళలో ఒక తుపాకి చప్పుడు కలిసిపోతుంది. అసలే బాంబులకూ, కాల్పులకూ అలవాటుపడిన చెవులు, ఆపైన పండుగ. హంతకుడికి ఇంతకంటె అనువైన ముహూర్తం దొరకదు. ఆయుధం సంపాదించడం కూడా ఆ రోజుల్లో కష్టం కాదు. యుద్ధం ముగిసి, సైనికులు వెళ్ళిపోతూ విడిచిన తుపాకులు చేతులు మారి పేటరౌడీల దగ్గరకు చేరాయి. వాంటుల్ సర్దార్ అనే అటువంటి పాత్ర ఒకటి ఈ కథలో ఉన్నది. పేటను రక్షిస్తున్నానంటాడు, ఆయుధాలు అమ్ముకుంటాడు. కలహాల కాలంలో గూండా రక్షకుడి వేషం వేయడం, మర్యాదస్థులు అతనికి నమస్కరించడం ఎక్కడైనా జరిగేదే. శరదిందు దానిని విమర్శించే ఉపన్యాసమేదీ ఇవ్వరు. ఆ మనిషిని మన ముందు నిలబెట్టి ఊరుకుంటారు.

నవలిక పేరులోనే దాని తాళంచెవి ఉన్నది. రిపువు అంటే శత్రువు. కామ, క్రోధ, లోభ, మోహ, మద, మాత్సర్యాలనే అరిషడ్వర్గం తెలుగువారికి శతకాల నుంచీ, పురాణకాలక్షేపాల నుంచీ పరిచయమే. వంగీయులు వీటిని షడ్రిపువులంటారు. వాటిలో మొదటిది కామం. బయట వీధిలో మనిషికి శత్రువు వేరే మతస్థుడని అందరూ కేకలు వేస్తున్నప్పుడు, ఈ కథ లోపలి గదిలోకి వెళ్ళి, అసలు శత్రువు ప్రతి మనిషిలోనూ ఉన్నాడని చెబుతుంది. అనాది హాల్దార్‌ను చంపినవాడు వేరే మతంవాడు కాడు. అతని మరణానికి మూలం అతని గతంలోనే ఉన్నది. హంతకుడెవరో ఇక్కడ బయటపెట్టడం కథను చదవబోయేవారికి అన్యాయం చేయడమే అవుతుంది.

ముగింపు మాత్రం చెప్పుకోక తప్పదు; ఈ నవలిక విలువంతా అందులోనే ఉన్నది. సత్యం తెలిసే సరికి 1947 ఆగస్టు వచ్చింది. దేశం స్వాతంత్ర్య ఘడియల కోసం ఎదురు చూస్తున్నది. వ్యోమకేశ్ హంతకుణ్ణి గుర్తించాడు గాని పోలీసులకు అప్పగించలేదు. దాచిన నల్లధనం అతని చేతికి చిక్కింది. ఆ నోట్లను అతడు తీసుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు. అగ్నికి ఆహుతి చేశాడు.

ఈ ముగింపు పాఠకులను రెండు వర్గాలుగా చీలుస్తుంది. చంపినవాణ్ణి వదిలివేయడానికి వ్యోమకేశ్‌కు అధికారమెక్కడిది? వేల హంతకులు శిక్ష లేకుండా తిరుగుతున్నారన్న కారణం మరొక హంతకుణ్ణి విడిచిపెట్టడానికి చాలునా? ఆ తర్కాన్ని అంగీకరిస్తే, అల్లర్లలో చంపినవారి వాదానికి మనమే బలం చేకూర్చినట్టు కాదా? ఇది తేలికగా తోసిపుచ్చగల ఆక్షేపణ కాదు. రెండవ పక్షం చెప్పే సమాధానం కూడా బలమైనదే. న్యాయం చేయవలసిన వ్యవస్థ ఏడాదిపాటు చేతులు కట్టుకుని కూర్చున్నది. క్షామంలో శవాల మీద ఏరుకున్న ధనం ఎవరి చేతికి వెళ్ళినా వారిని చెరపక మానదు. కొత్త దేశానికి ఆ సొమ్ము వారసత్వంగా సంక్రమించకూడదు. అందుకే వ్యోమకేశ్ చేసిన పని తీర్పు కంటె ప్రక్షాళనకు దగ్గరగా ఉంటుంది. శరదిందు ఏ పక్షమూ వహించక పాఠకుడినే న్యాయమూర్తి పీఠం మీద కూర్చోబెట్టారు.

నవలికకు పరిమితులు లేకపోలేదు. అల్లర్లను అది ఒక హిందూ మధ్యతరగతి ఇంటి కిటికీలో నుంచి చూస్తుంది. వీధికి అవతలివైపు ఇళ్ళలో, అదే భయంతో తలుపులు బిగించుకున్న ముస్లిం కుటుంబాల గొంతు అందులో దాదాపు వినిపించదు. ఆ లోటును నాటి చరిత్రతో పూరించుకుని చదవాలి.

ఆ చరిత్రలో కల్పనను మించిన ఘట్టమొకటున్నది. 1947 ఆగస్టు 13న గాంధీజీ కలకత్తాలోని బేలియాఘాటా పేటలో, హైదరీ మంజిల్ అనే పాతబడిన ఇంట్లో బస చేశారు. ఏడాది క్రితపు మారణకాండకు బాధ్యుడని ఎందరో వేలెత్తి చూపిన సుహ్రావర్దీని తనతోపాటు అదే కప్పు కింద ఉంచుకున్నారు. స్వాతంత్ర్య దినాన నగరంలో హిందువులు, ముస్లిములు కలిసి పండుగ చేసుకున్నారు. పంజాబులో 55,000 మంది సైనికులు సాధించలేనిది వంగంలో ఒక్క మనిషి సాధించాడని మౌంట్‌బాటెన్ మెచ్చుకున్నారు. కాని నెలాఖరుకు మళ్ళీ కల్లోలం రేగింది. సెప్టెంబరు 1న గాంధీజీ నిరాహారదీక్ష పూనారు. మూడు రోజులకు కత్తులు, తుపాకులు పట్టినవారు వచ్చి ఆయుధాలను ఆయన పాదాల ముందు పెట్టారు. 4వ తేదీన దీక్ష విరమణ జరిగింది. వాంటుల్ సర్దార్ వంటివారు కల్పిత పాత్రలు మాత్రమే కారనడానికి ఆ ఆయుధాల కుప్పే సాక్ష్యం.

ఇదే నగరాన్ని, ఇదే సమస్యను మన కాలంలో మరొక రచయిత వేరొక వైపు నుంచి చూశారు. స్కాట్లండులో పెరిగిన వంగసంతతి రచయిత అబీర్ ముఖర్జీ ఆంగ్లంలో ‘ది షాడోస్ ఆఫ్ మెన్’ అనే నవలను 2021లో వెలువరించారు. అది 1923 నాటి కలకత్తా కథ. ఒక హిందూ మతపండితుడు హత్యకు గురవుతాడు. ఆ వార్త పొక్కితే నగరం తగలబడుతుంది. ఆంగ్ల అధికారి శామ్ విండామ్, భారతీయుడైన సార్జెంట్ సురేంద్రనాథ్ బెనర్జీ ఆ మంట అంటుకునేలోగా నిజాన్ని పట్టుకోవాలి. శరదిందు కథలో మంట అప్పటికే దైనందిన జీవితంలో భాగం. అబీర్ కథలో అది ఇంకా అంటుకోని అగ్గిపుల్ల. చరిత్ర తెలిసిన పాఠకుడికి ఒక విషయం మరపుకు రాదు: 1926లో కలకత్తాలో నిజంగానే పెద్ద మతకలహాలు చెలరేగాయి. ఎన్ని అగ్గిపుల్లలు ఆర్పినా ఎండుగడ్డి అలాగే మిగిలి ఉండటమే ఇందుకు కారణం.

తెలుగు పాఠకులకు శరదిందు కేవలం పరిశోధక రచయిత కాడు. విజయనగర ప్రభువు రెండవ దేవరాయల కాలాన్ని ఆధారంగా చేసుకుని ‘తుంగభద్రార్ తీరే’ అనే చారిత్రక నవల రాసి, 1967లో రవీంద్ర పురస్కారం పొందినవారు ఆయనే. వంగదేశపు రచయిత మన తుంగభద్రా తీరాన్ని ఎంత ప్రేమతో చిత్రించారో, తన కలకత్తా గాయాన్ని అంత నిర్మొహమాటంగానూ చిత్రించారు. ఆయన 1970లో కన్నుమూశారు. 1993లో దూరదర్శన్‌లో బాసు చటర్జీ దర్శకత్వాన, రజిత్ కపూర్ వ్యోమకేశ్‌గా ప్రసారమైన ధారావాహిక ఆ పాత్రను దేశమంతటికీ పరిచయం చేసింది.

కలహాల కాలంలో మృతులు అంకెలవుతారు. ఈ వర్గంలో ఇంతమంది, ఆ వర్గంలో ఇంతమంది అని లెక్కకట్టి, ఒకరి లెక్కకు మరొకరి లెక్కను చెల్లువేస్తారు. పరిశోధక కథ ఆ లెక్కను ఒప్పుకోదు. చనిపోయినవాడి పేరేమిటి, ఆ రాత్రి ఎక్కడ కూర్చున్నాడు, అతణ్ణి ఎవరు, ఎందుకు చంపారు అని పట్టుబట్టి అడుగుతుంది. అనాది హాల్దార్ మంచివాడేమీ కాడు. అతని కోసం కన్నీరు కార్చినవారూ తక్కువే. అయినా వ్యోమకేశ్ ఆ చావును విచారించకుండా వదలలేదు. 1946 ఆగస్టులో కలకత్తా వీధులలో నేలకొరిగిన నాలుగు వేలమందిలో ఒక్కొక్కరికీ అటువంటి సత్యాన్వేషి ఒకడు కావలసి ఉండెను. వారికి ఎవరూ దొరకలేదు.