బడి కప్పు మీది రేకు

మొన్నటి గాలివానకి మా మనవరాలి బడిలో వంటషెడ్డు రేకు పగిలింది. బడి జరుగుతుండగానే ఒకాయన కొత్త రేకుని మిషనుతో పరపరా కోస్తున్నాడు. తెల్లటి పొడి అన్నం గిన్నెల దాకా వచ్చింది. వంటామె చీపురుతో ఊడ్చేసింది. నాకు గుండె ఝల్లుమంది!

జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో తాటాకు పోయి సిమెంటు రేకులు వచ్చాక నిప్పు భయం తగ్గిందని సంతోషించాం. నిజమే. కానీ చాలా రేకుల్లో సిమెంటుతో పాటు ఆస్బెస్టాస్, అంటే రాతినార, ఉంటుంది. రేకు గట్టిగా ఉన్నన్నాళ్ళూ భయం తక్కువ. కోసినా, పగిలినా పొడి ఎగురుతుంది. ఆ నార ఊపిరితిత్తుల్లో దిగబడితే 20, 30 ఏళ్ళకి క్యాన్సరై బయటపడొచ్చు. పదేళ్ళ పిల్లకి అప్పటికి నలభయ్యే కదమ్మా!

ప్రభుత్వం సంగతంటారా? 1995లో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులు 40 ఏళ్ళు దాచమంది. రేకుల కింద కూర్చునే పిల్లల మాట అందులో లేదు. బ్రిటన్ 1999లో రాతినారనే నిషేధించింది. అక్కడి పాత బళ్ళలో అది ఎక్కడుందో రాసి ఉంచాలి.

బడి కమిటీలో తల్లులున్నారుగా, అడగండి. రేకుల పని సెలవుల్లోనే పెట్టుకోమనండి. కోత మిషను వద్దు, ముందు నీళ్ళు చల్లాలి. పొడిని ఊడవకూడదు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని కూడా పారేయాలి.

అన్నట్టు, పగిలిన ముక్కలు కోళ్ళగూటికి పనికొస్తాయని ఇంటికి తెచ్చుకోకండి. మా నీళ్ళతొట్టికి మూత అదే! తడిపి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టాను. ఎక్కడ పడేయాలో చెప్పేవాళ్ళు దొరక్క ఇంకా పెరట్లోనే ఉంది.