జమాఖర్చు: ఏడేళ్ల అప్పు, మూడేళ్ల బోర్డు

ఈసారి ఉత్తరం చెన్నై నుంచి వచ్చింది. మూడు తరాలుగా పెరంబూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. వారి అమ్మాయికి పద్నాలుగేళ్లు. రెండేళ్లుగా హార్బరు దగ్గర విండ్‌సర్ఫింగ్ నేర్చుకుంటోంది. శిక్షకుడు ఈ పిల్లలో పస ఉందన్నారట. సెకండ్ హ్యాండ్‌లో బోర్డు కొన్నారు. ఇంట్లో ఉన్న చిన్న కారులో అది పట్టడం లేదు. అందుకని ఆ కారు అమ్మేసి, ఎనిమిది లక్షల అప్పు తీసుకుని, చాలని సొమ్ముకు అమ్మాయి పేరున ఉన్న ఫిక్సెడ్ డిపాజిట్ తీసేసి, ఏడుగురు పట్టే వ్యాన్ కొందామనుకుంటున్నారు. ఏ వ్యాన్ కొనమంటారు అన్నది వారి ప్రశ్న. ఇంట్లో మోకాళ్ల నొప్పులతో బాధపడే తల్లిగారు కూడా ఉన్నారు.

ఈ ఆట పేరు వినని పాఠకుల కోసం రెండు మాటలు. బోర్డు మీద నిలబడి, దానికి బిగించిన తెరచాపను రెండు చేతులా పట్టుకుని, గాలి బలంతో నీటి మీద సాగిపోవడమే విండ్‌సర్ఫింగ్. 1984 లాస్ ఏంజెలెస్ నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. ఆడవారికి 1992 బార్సిలోనా నుంచి పోటీ పెట్టారు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశానికి చెందిన ఇబాద్ అలీ ఇందులో కాంస్య పతకం తెచ్చారు. కనుక దీన్ని డబ్బున్నవారి కాలక్షేపమని తోసిపుచ్చనక్కర్లేదు. పిల్ల ఇష్టపడి నేర్చుకుంటోంది, నేర్పేవారు బాగుందంటున్నారు. ఆట సాగాలి. అది సాగేట్టు లెక్క ఎలా వేయాలన్నదే ఇక్కడ ఆలోచించవలసిన విషయం.

ముందు సామాను కొలుద్దాం. ఈ అమ్మాయి వాడుతున్నది టెక్నో 293 రకం బోర్డు. పేరులోనే పొడవుంది, 293 సెంటీమీటర్లు. అంటే తొమ్మిదిన్నర అడుగుల పైమాటే. వెడల్పు 79 సెంటీమీటర్లు. బరువు మాత్రం పదిహేను కిలోల లోపే. తెరచాప నిలబెట్టే మాస్ట్ చూడటానికి భయపెట్టేంత పొడుగ్గా ఉంటుంది గాని రెండు ముక్కలుగా విడిపోతుంది. 460 సెంటీమీటర్ల మాస్ట్ అయితే ఒక్కో ముక్క 230 దాకా వస్తుంది. చేతితో పట్టుకునే బూమ్ సుమారు రెండు మీటర్లు. తెరచాపను చుట్టేస్తే చాప చుట్టలా సంచిలో ఒదుగుతుంది. అంటే చిక్కంతా బోర్డుతోనే. మిగతావి ఎలాగో ఒకలా సర్దుకుంటాయి.

ఇక వ్యాన్లు. ఒకప్పుడు ఇలాంటి ప్రశ్నకు ఒకటే జవాబుండేది, మారుతి ఓమ్నీ. 1984లో వచ్చి 2019లో ఆగిపోయింది. దాని స్థానంలో ఇప్పుడు కనిపించే ఈకో పొడవు 367.5 సెంటీమీటర్లు. రెనో ట్రైబర్ 399. ఇన్నోవా క్రిస్టా 473.5. ఈ అంకెలు చూసి, 293 బోర్డు అన్నిటిలోనూ పడుతుందని అనుకోవడం సహజం. కానీ ఇవి బయటి కొలతలు. ఇంజను, డాష్‌బోర్డు, తలుపు మందం పోను లోపల మిగిలేది వేరు. దాన్ని టేపుతో కొలవాలి.

షోరూముకు వెళ్లినప్పుడు మూడు కొలతలు తీసుకోండి. వెనుక తలుపు తెరిచి, ఆ ద్వారం వెడల్పు, ఎత్తు. వెనుక తలుపు లోపలి అంచు నుంచి, వెనుక సీట్లు మడిచి, ముందు ఎడమ సీటు వెనక్కి వాల్చి, డాష్‌బోర్డు దాకా పొడవు. మూడోది, బోర్డు అలా లోపలికి వచ్చినప్పుడు డ్రైవరు ఎడమ మోచేతికి గేరు మార్చేంత చోటు మిగులుతుందా లేదా. వీలైతే బోర్డునే తీసుకెళ్లి పెట్టి చూడండి. అమ్మేవారు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి. పెళ్లికి నగ కొనేటప్పుడు మెడలో పెట్టి చూడమా?

ఈ పరీక్ష చేస్తే ఒక సంగతి బయటపడుతుంది. తొమ్మిదిన్నర అడుగుల బోర్డును లోపల పెట్టాక ఏడుగురు పట్టే వ్యాన్‌లో ఇద్దరో ముగ్గురో మాత్రమే కూర్చోగలరు. అమ్మాయిని, బోర్డును, తల్లిగారిని ఒకేసారి తీసుకెళ్లాలంటే ఎంత పెద్ద వ్యాన్ కొన్నా బోర్డు పైకప్పు మీదికి ఎక్కవలసిందే. పైకప్పు మీదికే ఎక్కేటట్లయితే కింద వ్యాన్ ఎందుకు? ఉన్న చిన్న కారు పొడవు 365 సెంటీమీటర్లున్నా, 293 బోర్డు దాని హద్దు దాటదు.

పైన కట్టడానికీ పద్ధతి ఉంది. ఆ కారు పైకప్పు ఎంత బరువు మోస్తుందో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, అది ముందు చూడాలి. కొన్ని కార్లకు పైన కనిపించే రైళ్లు అలంకారమే, బరువుకు పనికిరావు. రెండు అడ్డకమ్మీలు బిగించి, వాటికి మెత్తలు చుట్టి, ఫిన్ ఊడదీసి, బోర్డును బోర్లా పెట్టి, వెడల్పాటి పట్టీలతో కట్టాలి. లారీలకు వాడే బిగింపు పట్టీలు వద్దు. అవి అతిగా బిగిసి బోర్డు సొట్టపడుతుంది. పట్టీని ఒక మెలిక తిప్పి కడితే గాలికి మోత రాదు. బిగించిన సరంజామా సంగతి ఇన్సూరెన్సు వారికి రాసి ఇవ్వండి. చెప్పనిదానికి వారు పరిహారం ఇవ్వరు.

కొందరు వెనుక తలుపు తెరిచి, తాడుతో కట్టి, బోర్డును బయటికి వదిలేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఇంజను పొగ లోపలికి వస్తుంది. పైగా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతించిన హద్దు దాటి సామాను బయటికి పొడుచుకు వస్తే జరిమానా 20,000 రూపాయలు. కిరాయికి దొరికే బండిలోనూ ఇదే చూసుకోవాలి. మన చెన్నైలో కుట్టి యానై అని పిలుచుకునే టాటా ఏస్ తొట్టి సుమారు ఏడడుగులే. తొమ్మిదిన్నర అడుగుల బోర్డుకు పెద్ద పికప్ మాట్లాడుకోవాలి. అలాగే, సీట్లు శాశ్వతంగా పీకించి వ్యాన్‌ను సామాను బండిగా మార్చాలనుకుంటే ఆర్.టి.ఓ. అనుమతి కావాలి. ట్రైబర్‌లాగా మూడో వరుస సీట్లు తీసి పెట్టుకునేలా కంపెనీయే తయారుచేసినది వేరే సంగతి.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన భాగం. అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకులో మేము మొదట చూసేది, కొనే వస్తువు ఎన్నాళ్లు పనికొస్తుంది, అప్పు ఎన్నాళ్లలో తీరుతుంది అని. ఈ రెండిటికీ పొంతన ఉండాలి. ఈ ఇంట్లో మూడు వయసులు లెక్కించాలి. వ్యాన్ వయసు, అప్పు వయసు, బోర్డు వయసు.

బోర్డు వయసు ఎవరూ ఆలోచించరు. టెక్నో 293 పోటీల్లో పదిహేనేళ్ల లోపు వారికి 6.8 చదరపు మీటర్ల తెరచాప, పదిహేడేళ్ల లోపు వారికి 7.8. అంటే ఈ అమ్మాయికి ఈ బోర్డుతో ఇంకా మూడేళ్లు. తరువాత ఆటలో కొనసాగితే ఒలింపిక్ తరగతి వైపు వెళ్లాలి. 2024 పారిస్ ఒలింపిక్స్ నుంచి అక్కడ ఐక్యూఫాయిల్ అనే రకం వచ్చింది. నీటి కింద రెక్క ఉండి, బోర్డును నీటి పైకి లేపే రకం. దాని పొడవు 220 సెంటీమీటర్లు, వెడల్పు 95. అంటే ఇవాళ పొడవు కోసం వెతికి కొన్న వ్యాన్‌కు మూడేళ్ల తరువాత పొడవుతో పనే ఉండదు. అప్పుడు కావలసింది వెనుక ద్వారం వెడల్పు.

అప్పు వయసు చూద్దాం. వడ్డీ 9 శాతం అనుకుందాం. ఎనిమిది లక్షలు అయిదేళ్లకు తీసుకుంటే నెలకు 16,607 రూపాయలు కట్టాలి. ఏడేళ్లకు పెడితే 12,871కి తగ్గుతుంది. చాలామంది ఇక్కడే ఏడేళ్లు చాలునంటారు. కానీ అయిదేళ్లలో వడ్డీ సుమారు 1,96,000 అయితే, ఏడేళ్లలో 2,81,000. అంతకన్నా ముఖ్యం, మూడేళ్లు కట్టాక కూడా ఇంకా సుమారు 5,17,000 బాకీ ఉంటుంది. బోర్డు మూలన పడ్డ నాటికి అప్పులో సగానికి పైగా మిగిలే ఉంటుంది. సరిగ్గా ఆ సమయానికే అమ్మాయి కాలేజీ మెట్లెక్కుతుంది. ఆ ఖర్చు కోసం దాచిన డిపాజిట్టేమో వ్యాన్‌లోకి వెళ్లిపోయి ఉంటుంది. మైనరు పేరున ఉన్న డిపాజిట్ మీద అప్పు అడిగినా సరే, అది ఆ మైనరు మేలు కోసమేనని బ్యాంకువారు సంరక్షకుడి చేత రాయించుకుంటారు. ఊరికే కాదు. ఆ డబ్బు తండ్రిది కాదు, పిల్లది.

ఇంకొక మాట. నెలవారీ వాయిదా ఆపడానికి వీల్లేదు. ఒక నెల తప్పితే ఫోన్లు వస్తాయి, క్రెడిట్ స్కోరు పడిపోతుంది. శిక్షణ ఫీజు ఆపడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. కనుక ఇంట్లో ఇరుకు వచ్చిన నెల మొదట ఆగేది ఏదో ఊహించండి. వ్యాన్ వాకిట్లో ఉంటుంది, పిల్ల ఇంట్లో ఉంటుంది, సముద్రం మీద ఎవరూ ఉండరు. ఆట కోసం కొన్న బండే ఆటను ఆపేస్తుంది. వాయిదాలు కట్టలేక పిల్లల సంగీతం, ఈత మాన్పించిన ఇళ్లు మన సంఘంలోనే ఉన్నాయి.

మరి ఏం చేయాలి? మొదట క్లబ్బువారిని అడగండి, బోర్డు అక్కడే పెట్టుకునే ర్యాక్ అద్దెకు దొరుకుతుందా అని. దొరికితే వారానికి రెండు రోజుల శిక్షణకు బోర్డు కదలనే అక్కర్లేదు. పోటీకి మరో ఊరు వెళ్లినప్పుడు అక్కడే బోర్డు అద్దెకిస్తారేమో ముందుగా కనుక్కోండి. అప్పుడు బోర్డు ఏడాదికి ఎన్నిసార్లు ప్రయాణం చేయాలో లెక్క రాయండి. ఆ సంఖ్య అయిదారు దాటకపోతే పైకప్పు కమ్మీలు, ఒకటి రెండు కిరాయి ప్రయాణాలు చాలు.

ర్యాక్ దొరకకపోయినా, ఉన్న కారు పాతబడి ఎలాగూ మార్చవలసి వచ్చినా, అప్పుడు వ్యాన్ కొనండి. కానీ బోర్డు కోసం కాదు, తల్లిగారి కోసం ఎంచండి. ఆవిడను తీసుకెళ్లి కూర్చోబెట్టి చూడండి. ఎక్కడానికి పీట వేయవలసి రాకూడదు, కూర్చుంటే మోకాళ్లు పైకి లేవకూడదు. ఈకోకు ఉన్నట్టు పక్కకు జరిగే తలుపు ఇరుకు సందుల్లో పెద్దవారికి సుఖం. ఆవిడకు కుదిరిన వాటిలో, వెనుక ద్వారం 95 సెంటీమీటర్ల బోర్డును రానిచ్చేదేదో చూసి ఎంచుకోండి. ధరలోనూ తేడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సి.సి. లోపు పెట్రోలు ఇంజను ఉన్న కార్లకు జి.ఎస్.టి. 18 శాతం. అంతకు మించినవాటికి 40 శాతం. ఈకో, ట్రైబర్ మొదటి కోవలోవి, ఎర్టిగా రెండో కోవలోది.

అప్పు మూడేళ్లకు మించనివ్వకండి. పాత కారు అమ్మిన సొమ్ముకు చేతిలో దాచుకున్నది కలిపి, మూడు లక్షలే అప్పు తీసుకుంటే, అదే 9 శాతం మీద నెలకు 9,540 రూపాయలు. మొత్తం వడ్డీ సుమారు 43,500. ఆ డబ్బుకు కొత్త బండి రాకపోతే రెండు మూడేళ్లు వాడిన బండి చూడండి. ఇన్సూరెన్సు పట్టిక ప్రకారం రెండేళ్లు దాటి మూడేళ్ల లోపు ఉన్న వాహనం విలువలో 30 శాతం తగ్గిస్తారు. ఆ తరుగుదల మొదటి యజమాని భరించాడన్నమాట. ఉప్పునీరు కారే తెరచాప లోపల పెట్టే బండికి కొత్తదనం ఎలాగూ నిలవదు. ఎక్కించే ముందు మంచినీళ్లతో కడిగి, కింద టార్పాలిన్ పరిచి, నేలకు తుప్పు పట్టకుండా చూసుకోవాలి.

దరఖాస్తు పెట్టే ముందు ఒక పని చేయండి. రేపు కట్టబోయే వాయిదా ఎంతో అంత మొత్తానికి ఆరు నెలలు రికరింగ్ డిపాజిట్ కట్టి చూడండి. ఆ ఆరు నెలల్లో శిక్షణ ఫీజు ఒక్కసారి కూడా వాయిదా పడకపోతే ధైర్యంగా బ్యాంకు మెట్లెక్కండి. ఒక్క నెల తడబడినా, కూడిన సొమ్ముతో కమ్మీలు, పట్టీలు కొనుక్కుని, మిగిలింది అమ్మాయి శిక్షణకే ఉంచండి. ఈ సంగతులన్నీ అమ్మాయిని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడండి. డిపాజిట్ తన పేరున ఉంది, బోర్డు తనది, పద్నాలుగేళ్ల పిల్లకు ఈ లెక్క అర్థమవుతుంది.

బరంపురం, యానాం, బెంగుళూరు, షోలాపూరు ఎక్కడి పాఠకులైనా, పిల్లల ఆటకో పాటకో పెద్ద వస్తువు కొనబోతుంటే ఈ మూడు వయసులు కాగితం మీద పక్కపక్కన రాసి చూసుకోండి. సందేహాలుంటే రాయండి. వచ్చే సంచికలో, పెద్దల పేరున ఉన్న డిపాజిట్లకు నామినీని రాయించడం గురించి ముచ్చటిద్దాం.