గేమ్ ఆడితే ఒంట్లోంచి బయటికి వెళ్లగలమా?

అశోక్‌నగర్ హాస్టళ్లలో రాత్రి పదకొండు దాటాక రెండే పనులు. కరెంట్ అఫైర్స్, లేదంటే బీజీఎంఐ. మూడోది కూడా ఉంది, పైకి ఎవరూ చెప్పరు. ఆస్ట్రల్ ప్రొజెక్షన్. ఒంటిని మంచం మీదే వదిలేసి, మనం మాత్రం బయట తిరిగి రావడం. విక్రమార్కుడి కథల్లోని పరకాయ ప్రవేశానికి దూరపు చుట్టం అనుకోండి.

దీనికి గేమ్‌తో పనేంటంటారా? బీజీఎంఐలో కెమెరా మన బొమ్మ వీపు వెనక ఉంటుంది. మనల్ని మనమే వెనక నుంచి చూస్తూ నడిపిస్తాం. గంటసేపు ఆడి, కళ్లు మూసుకుని, అదే కెమెరాను మంచం మీదున్న మన ఒంటిపైకి తేవాలట. హైదర్‌గూడలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదివే రోజుల్లో నేనూ చేశాను. నవ్వకండి.

ఉత్తిదే అని కొట్టిపారేయలేం. 2000లో హార్వర్డ్‌లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం 27 మందితో టెట్రిస్ ఆడిస్తే, 17 మందికి నిద్ర పట్టే వేళ ఆ ముక్కలు కనిపించాయి. వాళ్లలో ముగ్గురు మతిమరుపు రోగులు. ఆడిన సంగతే గుర్తులేదు, ముక్కలు మాత్రం కళ్లముందు రాలాయి! 2007లో హెన్రిక్ ఎర్సన్ కొందరి కళ్లకు స్క్రీన్లు తగిలించి, వెనకున్న కెమెరాల్లోంచి వాళ్ల వీపునే చూపించారు. తాము ఒంటి బయట కూర్చున్నట్టే ఉందన్నారు వాళ్లు. 'నేను ఇక్కడున్నాను' అన్నది మెదడు వేసుకునే లెక్క. కెమెరా మారిస్తే ఆ లెక్క తప్పుతుంది.

నాలుగో వారంలో నాకూ ఒళ్లు బిగుసుకుపోయి, ఫ్యాన్ దగ్గరికి తేలినట్టయింది. గుండె దడ. మా ఊళ్లో దయ్యం గుండెల మీద కూర్చుందంటారు, డాక్టర్లు స్లీప్ పెరాలసిస్ అంటారు. ఇంజినీరింగ్ చదివినోడిని కదా, టెస్ట్ పెట్టాను. చీటీ మీద నాలుగంకెల నంబర్ రాసి, నాకు చూపించకుండా బీరువాపైన పెట్టమన్నాను రూమ్మేట్‌ని. మూడు రాత్రులు తేలాను. మూడుసార్లూ నంబర్ స్పష్టంగా చదివాను. మూడూ వేర్వేరు. చీటీలో ఉన్నది ఇంకోటి.

ఈలోగా పగలు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పుస్తకం మీదే నిద్ర. చదివింది బుర్రలో నిలవాలంటే నిద్ర కావాలి, దాన్నే నేను అమ్ముకుంటున్నా. అసలు ఎందుకు బయటికి పోవాలనుకున్నానో అప్పుడు తట్టింది. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసీ చూసీ, ఇంటి నుంచి ఫోన్ వస్తే ఏం చెప్పాలో తెలియని ఆ ఒంట్లో ఉండలేకపోయాను, అంతే.

కెమెరాను మాత్రం వదల్లేదు. ఇంటర్వ్యూకి ముందు కుర్చీలో కూర్చుని, బోర్డు వైపు నుంచి నన్ను నేను చూసుకునేవాణ్ని. జవాబు తెలియనప్పుడల్లా నేల చూస్తున్నానని అలాగే పట్టుకున్నా. దానికి పగలు పది నిమిషాలు చాలు.

తేలే ప్రయోగం చేసే తీరాలంటే, మర్నాడు టెస్ట్ లేని రాత్రి చేయండి. బీరువాపైన చీటీ పెట్టడం మర్చిపోకండి.