తాళపుచెవి లేని తలుపులు

నగర్తపేట వీథులలో క్రింద అంగడి, మీద కాపురముగా నున్న ఇండ్లు నేటికిని గలవు. అట్టి ఇండ్లలో లోపల అడ్డగడియయు, వెలుపల గొళ్ళెమునకు వ్రేలాడు దిండిగల్లు బీగమో, అలీగఢ్ బీగమో మనము తరతరములుగా ఎరిగినవే. ఇప్పుడు ఆ స్థానమున అంకెల పలకయు, వ్రేలిముద్ర నొత్తు చోటును గల నూతన తాళములు వచ్చుచున్నవి. పేట విడిచి అపార్టుమెంటులకు మారిన మనవారిలో కొందరు వీనిని అమర్చుకొనిరి. పాత ఇండ్లలోనివారును ఆలోచనలో నున్నారు. ఈ విషయమున మా అభిప్రాయమును విన్నవింప దలచితిమి.

క్రొత్తదైనంత మాత్రమున కాదనుట మా ఉద్దేశము కాదు. కొయ్యమేకులతో పనిచేయు తాళములు ప్రాచీన ఈజిప్టులోనే యుండెను. ఆ సూత్రమునే 1860 దశకమున అమెరికాలో లైనస్ యేల్ లోహమున సరిదిద్ది, జేబులో నిముడు చదునైన తాళపుచెవిని లోకమున కిచ్చెను. 1897లో ఆర్దెషీర్ గోద్రెజ్ బొంబాయిలో తాళముల తయారీకి పూనుకొనినపుడు అవియు మన పెద్దలకు క్రొత్తవే. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన దిండిగల్లు బీగమును గౌరవించుచునే, కాలముతో మారుట మనకు చేతనగును.

నూతన తాళము వలన లాభములు లేకపోలేదు. బడినుండి వచ్చిన పిల్లవాడు చెవి పోగొట్టుకొని మెట్లపై కూర్చుండ నక్కరలేదు. పనిమనిషికి ఒక సంఖ్య నిచ్చి, ఆమె మానినపుడు దానిని తొలగింపవచ్చును. తాళము మార్చు ఖర్చు తప్పును. ఒంటరిగా నున్న తండ్రి స్నానపుగదిలో జారిపడినచో, పరదేశమునందున్న కుమారుడు ఫోనులోనే సంఖ్య చెప్పి పొరుగువారిని లోనికి పంపగలడు. ఇది చిన్న మేలు కాదు.

అయినను ఒక్క మాట. తాళపుచెవి ఇనుపముక్క మాత్రమే కాదు. అది ఇంటి పెత్తనమునకు గుర్తు. అత్తగారు చెవుల గుత్తిని కోడలి చేతికిచ్చిన దినము ఆ ఇంట ఒక తరము మారిన దినము. నూతన తాళమునకు పెత్తనము ఎవరి ఫోనులో నున్నదో వారిది. ఎవరు ఎన్ని గంటలకు తలుపు తీసిరో కూడ వాటిలో కొన్ని లెక్క వ్రాసి యజమానికి చూపును. డెబ్బది యేండ్ల తల్లి గుడికి పోయి వచ్చిన వేళ కుమారుని ఫోనులో నమోదగుట ఆమెకు సమ్మతమో కాదో ముందుగా అడిగినవా రెందరు? తన యింటి తలుపు తీయుటకు ఆమె మరియొకరిపై ఆధారపడవలసివచ్చినచో, అది రక్షణ కాదు, పెత్తనము ఊడదీయుటయే.

వ్రేలిముద్ర సంగతియు అట్టిదే. ఏండ్ల తరబడి అంట్లు తోమిన చేతులకు, ఆమ్లములతో పనిచేయు స్వర్ణకారుల చేతులకు గీతలు అరిగిపోవును. రేషను అంగడిలో ముద్ర పడక వృద్ధులు పడు పాట్లు మనము చూచినవే. పైగా సంఖ్య బయటపడినచో మార్చుకొనవచ్చును, వ్రేలిని మార్చుకొనలేము. కనుక ఆ ముద్ర తాళములోనే నిలుచునా, సంస్థవారి యంత్రములకు పోవునా యని కొనునపుడే అడుగవలెను. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకై 2023లో చట్టము వచ్చినది. అయినను అడుగువాడు లేనిచోట చట్టము మూగది.

భాష మాట కూడ విస్మరింపరాదు. కన్నడమున దానిని బీగపు చేయి యందురు. మనము చెవి యందుము. ఏ పేరున పిలిచినను అది తిరుగుటకు భాష నడుగలేదు. మాటలాడు తాళములో, సాధారణముగా ఆంగ్లము పలుకును. బ్యాటరీ క్షీణించినదని అది హెచ్చరించుచుండగా అమ్మమ్మకు అది యొక కూత మాత్రమే. ఇంటిలోని యువకులు వాడుక విధమును పెద్ద అక్షరములతో తెలుగున వ్రాసి తలుపు ప్రక్కన అంటించుట అరగంట పని.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. 2025 ఆగస్టు 16 తెల్లవారుజామున మన నగర్తపేటలోనే ఒక భవనమున నిప్పంటుకొని ఐదుగురు మరణించిరి. దానికి తాళము కారణమని మేము చెప్పుట లేదు. కాని గోడకు గోడ ఆనుకొన్న ఇండ్లలో, ఒకే మెట్లదారి గలచోట, పొగలో మేల్కొన్నవాడు సంఖ్యను వెదకుకొనరాదు. లోపలినుండి చేతితో పిడి త్రిప్పగనే తెరచుకొనని తాళము ఎంత ఖరీదైనదైనను మన పేటకు తగదు.

కావున మా సలహా యిది. ముందు ఇంటి పెద్దల అంగీకారము పొందుడు. అంగడినుండి వచ్చిన సంఖ్యను తొలినాడే మార్చుడు. వ్రేలిముద్రతోపాటు సంఖ్యయు, అత్యవసరమునకు ఇనుప చెవియు గల తాళమునే కొనుడు. ఆ చెవిని బీరువాలో దాచి తలుపు మూసుకొనిపోవుట, తాళం వేసితిని గొళ్ళెం మరచితిని అన్న సామెతకు సరిపోవును. నమ్మదగిన పొరుగింట నుంచుడు. పుచ్చిన తలుపునకు, వదులైన బందులకు ఏ తాళమును బలము నీయలేదు; వడ్రంగిని ముందు పిలువుడు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడన్నారు మన పెద్దలు. యంత్రమును పట్టలేదు. పొరుగువానికి మన చెవి నిచ్చునంత నమ్మకము ఈ పేటలో నేటికిని మిగిలియున్నది. నూతన తాళము వచ్చినను ఆ నమ్మకమునకు తాళము పడకుండ చూచుకొనుట మన వంతు.